పదిహేడో రోజు తీసిన మూత

మొన్న మా అమ్మాయి కొత్త సెంటుసీసా ఒకటి తెచ్చి నా మణికట్టు మీద చిమ్మింది. పెట్టె మీద తేయాకు, నిమ్మకాయ, చందనపు చెక్క బొమ్మలున్నాయి. ముందు నిమ్మ వచ్చింది, కాసేపటికి చందనం. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు టీ వాసన లేచింది, దానితోపాటు గల్ఫులోని సలాలా ఊళ్లో ఒక చెక్క బీరువా గుర్తొచ్చింది.

ఎనభైల చివరి మాట. మన ఈడువాళ్లలో గల్ఫు వెళ్లినవారికి చెప్పనక్కర్లేదు, వీసాలో ఒక పని రాసి ఉండేది, అక్కడ చేసేది ఇంకొకటి. తాపీ పనికని వెళ్లిన నేను ఒక ముసలి సేటుగారి అత్తరు అంగట్లో తేలాను. బళ్లో అయిదు దాకానే చదివినా లెక్కలు నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, సేటు ముక్కుతో చూసి కలిపేదాన్ని నేను చుక్కలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి.

మా పిన్ని కడప నుంచి వచ్చి ఆ ఊళ్లోనే ఒక ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి పెద్దావిడకు పిన్ని చేతి టీ అంటే ప్రాణం, అందులో నిమ్మతొక్క వేయాలి. ఆవిడకు గొంతు జబ్బు వచ్చాక గంజి తప్ప ఏదీ దిగేది కాదు. కప్పు దగ్గర పెట్టి వాసన చూపిస్తే ఆవిరికి దగ్గు తెర వచ్చేది, దాంతో ఇంట్లోవాళ్లు అదీ మాన్పించారు. పిన్ని అంగడికి వచ్చి, ఆమె తలగుడ్డకు పూయడానికి టీ వాసన అత్తరు చేయించమంది.

"లెక్కలోడా, నా టీలో ఆకులెన్నో కూడా రాసుకుంటావా ఏంది?" అని నవ్వి, "తొందరగా కానీరా నాయనా, ముసలామె దినామూ అడగతాంది" అంది.

సేటు తేయాకును చందన నూనెలో నానబెట్టి, వడకట్టి, నిమ్మ నూనె కలిపి, నలభై రోజులు ముట్టవద్దని చెప్పి బీరువాలో పెట్టాడు. పెద్దావిడ తన జపమాల మీద రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టిందని పిన్ని చెప్పింది. మాలకు ముప్పైమూడు పూసలు. ఒక చుట్టు, పైన ఏడు.

పదిహేడో రోజు సేటు నమాజుకు వెళ్లినప్పుడు నేను మూత తీశాను. నిమ్మ ఉంది, చందనం ఉంది, టీ జాడే లేదు. లెక్కలో తప్పు కనబడిన చోటే దిద్దాలనేది నాకున్న ఒకే ఒక్క చదువు. వడకట్టగా మిగిలిన తేయాకు నూనె పన్నెండు చుక్కలు పోసి మూత పెట్టాను, నోటుబుక్కులోనూ రాసుకున్నాను.

నలభయ్యో రోజు సీసా తీస్తే మాడిన కషాయం వాసన. సేటు నా ముఖం చూసి, "చాయ్ సబ్ సే ఆఖిర్ మే ఉఠ్తీ హై" అని మాత్రం అన్నాడు. అన్నిటికంటే చివర లేచేది టీయేనట. ఆ రోజే మళ్లీ కలిపి బీరువాలో పెట్టాడు. పిన్నికి మాత్రం నేను, సరుకు రావడం ఆలస్యమైందని చెప్పాను. ఆమె నమ్మింది, పెద్దావిడకూ అదే చెప్పింది. పెద్దావిడ మాల మళ్లీ మొదటి పూస నుంచి పట్టుకుందట.

ముప్పైమూడో రోజు పిన్ని వచ్చి అంగడి మెట్టు మీద కూర్చుంది. "ఈ పొద్దు తెల్లారినాక పోయిందిరా. మాల ఒక చుట్టు అయిపోయింది" అంది. ఏడవలేదు. ఏడు రోజుల తరువాత వచ్చి సీసా తీసుకుని మూత తీసి చూసి, "నా టీనేరా ఇది, నీ చేతిలో ఏదో ఉండాది" అని నా తల నిమిరింది.

అప్పుడు చెప్పి ఉండవలసింది. తొంభైలు దాటి నేను ఇంటికి వచ్చాక కూడా ఆమెను ఎన్నోసార్లు కలిశాను, ఆ సీసా అడుగంటి ఆమె పెట్టెలో కనబడేది, ఎప్పటికప్పుడు వచ్చేసారి చెబుదామనుకున్నాను. పిన్ని పోయి నాలుగేళ్లయింది.

ఇప్పుడు పెట్టె విప్పగానే కుదిరిన వాసన వస్తోంది, నలభై రోజులు ఆగమని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేను మాత్రం ఒక లెక్క ఇప్పటికీ వేస్తుంటాను. మూత తీయకుండా ఉంటే ఆ పెద్దావిడ ముప్పైమూడు సాయంత్రాలు తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని టీ వాసన చూసి ఉండేది. ఎన్నిసార్లు వేసినా అంతే వస్తుంది.