సోదికి వచ్చింది ఎవరు

సాయంత్రం నాలుగూ ఇరవైకి నాన్న టీ అడిగాడు. రోజూ అడిగే వేళే. అమ్మ పెరట్లో ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. "చేతులు కారంగా ఉన్నయ్యి, కడుక్కొని పెడతా, ఆగు" అంది. మిరప కారం ఒక్క కడుగుకు పోదు. ఆమె గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి నాన్న కుర్చీలో తల వాల్చి ఉన్నాడు. నిద్రపోయాడనుకుని గ్లాసు మీద మూత పెట్టి పక్కన ఉంచింది. ఆఫీసుకు సెలవు, నేను లోపల గదిలో పుస్తకం చదువుకుంటున్నాను. టీ నేనైనా పెట్టొచ్చు. పెట్టలేదు.

గుండె ఒక్కసారిగా ఆగిందనీ, టీ వేళకు ఇచ్చినా ఆగేదేననీ డాక్టరు చెప్పాడు. "ఆయన చూశాడా ఏంది?" అంది అమ్మ. మూడు నెలలు ఆమెది ఒకటే ప్రశ్న. తన మీద కోపంతో పోయాడా, లేదా? చివరికి సోదికి పోదామంది.

సోది అంటే ఇప్పుడు అందరికీ పనికిరాని మాటలని అర్థం. మా నరసరావుపేట వైపు పెద్దవాళ్ళకు మాత్రం పాత అర్థం ఇంకా ఉంది. పోయినవాళ్ళు సోదమ్మ ఒంటిమీదికి వచ్చి ఆమె నోటితో మాట్లాడటం. రెండు అర్థాలకూ పెద్ద తేడా లేదని నేనన్నాను.

"నువ్వు నీ పుస్తకాల్ని అడుక్కో. నేను మీ నాన్ననడుగుతా" అంది అమ్మ.

సోదమ్మ ఇల్లు నకరికల్లు దాటాక ఒక పల్లెలో. పక్కింటి మెకానిక్ భార్య తోడు వచ్చింది. వాళ్ళు ముస్లింలు. ఇరవై ఏళ్ళ పరిచయంలో ఆమెకు మా అమ్మ అత్త, నాన్న మామ, నేను వదిన. "మాకియ్యన్నీ కూడవత్తా. ఊరికే నీకు తోడొస్తన్నా" అని ఆటో ఎక్కింది. ఎండకు చీర కొంగు తల మీద కప్పుకుంది.

"అత్తా, గడప జాగర్త. వదినా, ఆ సంచి ఇట్టా ఇయ్యి" అంటూ ఆమే మమ్మల్ని లోపలికి నడిపించింది. నేను పిలిచిన పిలుపు "అమ్మా" ఒక్కటే. ఆ మాట మా వైపు ఎవరైనా ఎవరినైనా అంటారు.

సోదమ్మ పెద్దావిడ. చేటలో బియ్యం పోసి, పసుపూ కుంకుమా చల్లి, అమ్మ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళకు చెవులు బాగా పనిచేస్తాయని నాకు అప్పటికే ఒక అభిప్రాయం ఉంది. దేవతలను వరసగా పిలిచింది. మూడుసార్లు ఆవలించింది. ఆవలింత వస్తే పోయిన మనిషి వచ్చినట్టట. ఆ లెక్కన మా ఆఫీసులో మధ్యాహ్నం నుంచీ అందరికీ పోయినవాళ్ళు వస్తూనే ఉంటారు.

"ఏమే, వచ్చినానే" అంది సోదమ్మ, గొంతు బొంగురు చేసి.

నేను నమ్మను. అయినా ఆ గొంతులో నాన్న గొంతు కోసం వెతికాను. అది దాచటం ఎందుకు?

"నా మీద కోపంతో పోయావా?" అని అమ్మ అడిగింది.

"గొంతెండిపోయిందే. పిలిస్తే పలకలా నువ్వు."

అమ్మ చేటలోకి ఒంగిపోయింది. ఏడుపు కూడా రాలేదు. పోయినవాళ్ళంతా సోదిలో దాహమనే అంటారని నేను ఎక్కడో చదివాను. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పిలుస్తారు, ఎవరో ఒకరు వెంటనే పలకరు. ఇదంతా అమ్మకు చెప్పాలనుకున్నాను. చేటలో పడిన ఆమె కొంగు తీసి భుజాన వేశాను. నా చదువు ఆ చేట దగ్గర నాకు అంతవరకే ఉపయోగపడింది.

సోదమ్మ అక్కడితో ఆపితే గెలిచేది. ఆపలేదు. మెకానిక్ భార్య వైపు చెయ్యి చాపింది.

"కోడలా, ఇట్టా రా. నా కొడుకుని చల్లంగా చూసుకో. మనవడికి నా పేరు పెట్టుకో."

"యా అల్లా!" అంది కోడలు.

అమ్మ తలెత్తింది. "కొడుకెవరయ్యా నీకు? మనకి ఇదొక్కతే గదా పుట్టింది?" అని నన్ను చూపించింది.

సోదమ్మ ఒక కన్ను తెరిచింది. "కొడుకులాంటోడు, తల్లీ. కొడుకంటే కన్నోడేనా?"

"ఎవరో చెప్పు మరి."

సోదమ్మ మళ్ళీ ఆవలించింది. ఈసారి ఎవరూ రాలేదు.

మోసం బయటపడిందని నేను మనసులో తీర్పు రాసుకుంటున్నాను. అమ్మ తీర్పు వేరు. చీర సర్దుకుని లేచి, "ఈయన మా ఆయన కాదు. ఎవరి మొగుడో దారి తప్పి వచ్చాడు. పాపం, దాహమంటన్నాడు, ఇన్ని నీళ్ళు పొయ్యి తల్లీ. వాళ్ళావిడ ఎక్కడుందో ఏమో" అంది.

సోది అబద్ధమని అమ్మ ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోదు. మనిషి మారాడంతే. నేను వాదించలేదు. ఏ పుస్తకమూ చెయ్యలేని పని ఆ పొరపాటు చేసింది.

ఆటోలో మెకానిక్ భార్య, "మామ నన్ను కోడల్ని చేసుకున్నాడు గదత్తా, ఇంట్లో వాటా రాయి" అంది.

"ముందు కోడలి చాకిరీ చెయ్యవే. రేపట్నుంచి అంట్లు నీయ్యే" అంది అమ్మ. మూడు నెలల తర్వాత నవ్వింది.

కొంతదూరం పోయాక, ఎవరూ అడగకుండానే అంది. "టీ ఎప్పుడు ఆలస్యమైనా 'రానీలే' అనేవాడు. అరిచింది ఎప్పుడూ లేదు. ఆ రోజూ అదే అనుంటాడు."

అనుంటాడన్నాను నేను. రుజువు అడగలేదు.

నాన్న ఏమనుకుంటూ పోయాడని మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరినీ అడగడం లేదు.