షాబాద్ బండ మీద నూనె మరక

మా ముందుగదిలో షాబాద్ బండలు. పత్తర్‌గట్టి వెనకాల సందుల్లో పాత ఇళ్లన్నింటిలోనూ అవే ఉండేవి. ఇప్పుడు చాలామంది పీకించి మెరిసే టైల్స్ వేయించుకున్నారు. మావి మామగారు వేయించినవి. ఆయన గుడిలో అర్చకుడు. ఆయన తరవాత ఆ పని మా మరిదికి వచ్చింది. మా ఆయన మాత్రం ఆఫీసు ఉద్యోగంలో చేరి, మడీ ఆచారాలూ తమ్ముడికి వదిలేసి, ఆ బండల మీద హాయిగా పడుకునేవాడు.

మాటవరసకు అనడం లేదు. ఎండాకాలం ఆదివారాలు అన్నం తినగానే చొక్కా విప్పి, చాప కూడా లేకుండా, కిటికీ పక్కన వాలిపోయేవాడు. కూలర్ తిరుగుతున్నా ఆయనకు ఆ రాతి చల్లదనమే కావాలి. తలకేమో కొబ్బరినూనె దట్టంగా పట్టించే అలవాటు. షాబాద్ బండ అంటే సున్నపురాయే కదా, నూనె పడితే తాగేస్తుంది. ఏళ్ల తరబడి ఒకేచోట తల పెట్టడంతో అక్కడ పళ్లెమంత నల్లటి మరక తేలింది. శనగపిండి చల్లాను, కుంకుడు రసంతో రుద్దాను. చేతులు నొప్పెట్టాయి గానీ అది కదల్లేదు.

"తల కింద పేపరన్న పరుసుకోవద్దా మీరు?" అని అరిచేదాన్ని.

"ఇంత పెద్ద ఇంట్ల నాకంటు గింత జాగ ఉండొద్దానే? దాని మీదనే పడ్డది నీ కన్ను!" అని కళ్లు తెరవకుండానే నవ్వేవాడు.

నిరుడు ఎండలు ముదరకముందే ఆయన పోయాడు. గుండెపోటు. ఆసుపత్రి దాకా కూడా చేరలేదు.

మా ఇళ్లలో భర్త పోయిన ఆడది శుద్ధి అయ్యేదాకా మూలగదిలో కూర్చోవాలి. ఎవరి కంటా పడకూడదు, దేన్నీ ముట్టకూడదు. బ్యాంకులో పదిమంది చేత పని చేయించే నేను ఇంట్లో నోరెత్తకుండా కూర్చున్నాను. ఆయన బట్టలు అప్పటికే పంచేశారు. ఫోటోలో ఆయన ఎవరినో చూసి నవ్వుతున్నట్టుంటాడు, నన్ను కాదు. ఆయన ఒంటి గుర్తంటూ మిగిలింది ఆ మరకే. వీళ్లంతా వెళ్లిపోయాక దాని పక్కన కూర్చోవాలి, అంతే. ఆ రోజుల్లో నాకు ఇంకో కోరిక లేదు.

శుద్ధి రోజు పొద్దున ముక్కు మండేలా వాసన వచ్చింది. బాత్రూం కడిగే యాసిడ్. వెంటనే చుయ్యిమని చప్పుడు. పసుపునీళ్లతో మా మరిది మడి తీరలేదన్నమాట. సున్నపురాయి మీద యాసిడ్ పడితే పైపొర నురగై లేచిపోతుంది.

"కిటికీ దగ్గర పొయ్యొద్దని చెప్పండి!" అని లోపలినుంచే కేకేశాను.

గడపలో కాపలా కూర్చున్న మా ఆయన మేనత్త వెనక్కి తిరిగింది. "నువ్వు బయటికి రావొద్దు బిడ్డా. సప్పుడు జేయక కూసో. గియన్నీ మొగోళ్లు జూసుకుంటరు."

లేచాను. ఆమె తలుపుకి చెయ్యి అడ్డం పెట్టింది. మళ్లీ కూర్చున్నాను.

మరక ఒక్కసారికి పోలేదట. నూనె లోపలికి దిగిన రాయి కదా, మళ్లీ యాసిడ్ పోసి గరుకు రాయితో అరగదీశారు. ఆ గీకుడంతా నేను గోడ ఇవతల కూర్చుని విన్నాను. విన్నంతసేపూ ఆ ఇంట్లోని ప్రతి మనిషినీ అసహ్యించుకున్నాను.

సాయంత్రం నన్ను బయటికి తెచ్చారు. గదంతా సుద్ద పూసినట్టు పాలిపోయి ఉంది. కిటికీ పక్క బండ మరీ గరుకుగా, తెల్లగా ఉంది. "మస్తు సాఫ్ అయింది" అని చుట్టాలు మెచ్చుకుంటున్నారు. మరిది చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"జూడు వదినా, ఎన్నేండ్ల మరకనో! నీతోని గాకపాయె. నేను తీసేసిన."

"అది మీ అన్న తల పెట్టుకునే చోటు," అన్నాను.

అతను బండ వైపు చూశాడు. ముఖం మాడిపోయింది. అతనికీ అన్నే, కాదనను. కానీ ఆ తరవాత అన్న మాటే నేను ఇప్పటికీ క్షమించలేదు.

"మరి ఒక్కమాట చెప్పొద్దా వదినా?"

పొద్దున నా కేక విన్న మేనత్త పక్కనే నిలబడి కొంగు సర్దుకుంది.