మా శాకాహారపు ఇంట్లో బెల్లానికి పచ్చిమాంసం

ఈ సంగతి జరుగుతున్నప్పుడే రాయాలనుకున్నాను. రాయలేకపోయాను, ఎందుకంటే అప్పటికి నాకు రాయడం రాదు. చిన్నప్పుడు తమ్ముళ్ళను చంకనెత్తుకుని తిరగడంలోనే నా బడి వయసు దాటిపోయింది. మస్కట్‌లో మా అమ్మాయి సునీత దగ్గరికి వచ్చాక, మనవరాలు హాసిని పక్కన కూర్చుని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. మా ఫెరెట్ బెల్లానికి జబ్బు చేసేనాటికి ఒత్తుల దగ్గర ఉన్నాను. ఇప్పుడు మెల్లగానైనా పేజీ నింపగలను. మన తెలుగువాళ్ళలో ఫెరెట్లను పెంచుకునేవాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారని తెలిసింది. వాళ్ళకోసం ఇది రాస్తున్నాను.

ఫెరెట్ అంటే తెలియనివారికి ముంగిసకు దూరపు చుట్టం అని చెబుతుంటాను. పొడవాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, ఒక్క క్షణం కుదురుగా ఉండని తల. హాసిని స్నేహితురాలి కుటుంబం ఒమన్ వదిలి వెళ్ళిపోతూ రెండింటిని మా ఇంట్లో వదిలింది. లేత రంగుది అల్లం, ముదురు రంగుది బెల్లం. పేర్లు హాసిని పెట్టింది. రెండూ ఏసీ గదిలో హాసిని మంచం పక్కనే పెరిగాయి. పక్క ఫ్లాట్ సత్యవతిగారు లిఫ్టులో కనబడినప్పుడల్లా, "మీ ముంగిసలు కులాసాయేనా?" అని నవ్వేవారు.

మాది తాతల నాటినుంచీ మాంసం ఎరగని ఇల్లు. గుడ్డు కూడా గుమ్మం దాటలేదు. పెట్ షాపులో దొరికే పొడి గింజలే ఫెరెట్లకు పెట్టేవాళ్ళం. వాటిలో మాంసం ఉంటుందని తెలుసు గాని, కంటికి కనబడదు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. వాటికి తోడు మేం తినేవన్నీ వాటికీ దక్కేవి. పెరుగన్నం, అరటిపండు, ఎండుద్రాక్ష. అల్లుడుగారి ఆఫీసులో ఒకాయనకు సువైక్‌లో ఖర్జూర తోట ఉంది. ఆయన పంపే పళ్ళలో చిన్న ముక్క బెల్లానికి రోజూ ముట్టాల్సిందే.

ఒక శుక్రవారం ఉదయం బెల్లం గది మధ్యలో ఆగిపోయింది. నోరు కొంచెం తెరుచుకుని చొల్లు కారుస్తూ, గోడవైపు చూస్తూ నిలబడింది. పిలిచినా తల తిప్పలేదు. కాసేపటికి ముందు కాళ్ళతో నోరు గీరుకుంది. నడవబోతే వెనక కాళ్ళు నేల మీద ఈడ్చుకుపోయాయి.

"ఎండ దెబ్బేమో" అన్నాను.

"ఏసీ గదిలో ఎండ దెబ్బేంటమ్మమ్మా!" అంది హాసిని.

అల్లుడుగారు తేనె తెచ్చి నోటికి రాశారు. కాసేపట్లో బెల్లం లేచి ఏమీ ఎరగనట్టు సోఫా కిందికి దూరింది. అందరం నవ్వుకున్నాం. నీరసం, అంతే అనుకున్నాం. ఆ తర్వాత అది డీలా పడినప్పుడల్లా తీపి పెట్టాం. తినగానే లేచేది. లేచిన కాసేపటికి మళ్ళీ పడిపోయేది. పడిపోవడం దగ్గర దగ్గరగా రావడం మొదలైంది. ఒకరోజు నా ఒళ్ళోనే కాళ్ళు కొట్టుకుంటూ, మెడ వెనక్కి విరుచుకుని, కీచుమని అరిచింది. ఫిట్స్ అని నాకు కూడా అర్థమైంది. తువ్వాలులో చుట్టుకుని క్లినిక్‌కి పరుగెత్తాం.

డాక్టరమ్మది వరంగల్ వైపు. మన భాష వినగానే నాకు సగం ధైర్యం వచ్చింది. రక్తం తీసి గ్లూకోజ్ చూసింది. అల్ట్రాసౌండ్ చేయించింది.

"షుగర్ బాగా పడిపోయిందమ్మా. మనుషులకు పెరిగే రోగం, దీనికి తరిగే రోగం. ప్యాంక్రియాస్‌ల చిన్న చిన్న గడ్డలుంటయి. ఇన్సులినోమా అంటరు. స్కాన్‌ల అన్నిసార్లు కనబడయి. ఈ లక్షణాలు, ఈ షుగర్ చూస్తే అదే. ఏం పెడుతున్నరు తినడానికి?"

హాసిని గింజల పేరు చెప్పింది. నేను పెరుగన్నం, ఖర్జూరం అన్నాను.

"అయ్యో అమ్మా! పులితోని ఏకాదశి ఉపవాసం చేయించినట్టున్నది మీ పని. ఇది పక్కా మాంసాహారి. దీని పేగు ఇంతే ఉంటది. అన్నం, పండ్లు దీనివి కావు."

"తిండి వల్లే వచ్చిందా?" అని సునీత అడిగింది.

"అట్ల చెప్పలేను. ఈ జాతికి ఈ రోగం ఎక్కువ. కానీ తీపి పెడితే ఆ గడ్డలు ఇన్సులిన్ కుమ్మరిస్తయి. షుగర్ లేచినట్టే లేచి ఇంకా లోతుకు పడ్తది. పూర్తిగా పడిపోయినప్పుడే చిగుళ్ళకు తేనె రాయండి, తెలివి రాంగనే మాంసం పెట్టండి. ప్రెడ్నిసొలోన్ రాస్తున్న. తిండి మాత్రం మాంసానికి మార్చాలె. కొంచెం కొంచెం, మాటిమాటికి. మార్చకపోతే ఈ మందొక్కటే ఎక్కువ రోజులు ఆపలేదు."

"ఉడికించి పెట్టొచ్చా?" అన్నాను.

"మెత్తటి మాంసం ఉడికించినా పర్లేదు. ఎముక ఉంటే పచ్చిదే పెట్టాలె. ఉడికిన ఎముక చీలి పేగుల గుచ్చుకుంటది. ఎముక, గుండె, కొంచెం లివర్ అన్నీ పోవాలె లోపలికి. పచ్చిదాంట్ల క్రిములుంటయి, అది మరువకండి. చేతులు, గిన్నెలు సబ్బుతోని కడగాలె. మిగిలింది ఉంచద్దు."

ఇంటికొచ్చాక సునీత వంటింటి గుమ్మంలో నిలబడింది. "అమ్మా, నా వంటింట్లోకి మాంసం రానివ్వను. ముందే చెబుతున్నా."

"వండేది లేదు కదా, పచ్చిదేగా" అన్నారు అల్లుడుగారు.

"ఇంకా నయం! మీరు కోస్తారా?"

ఆయన ఫోన్ చూసుకున్నారు. హాసిని ఏడుపు మొహంతో నన్ను చూసింది.

"మీరెవరూ ముట్టుకోవద్దు. వాషింగ్ మెషీన్ బాల్కనీలో ఒక మూల నాకు వదిలేయండి. దాని సంగతి నేను చూసుకుంటాను" అన్నాను.

"నువ్వా? పక్కవాళ్ళు కోడికూర క్యారేజీ విప్పితే రైల్లో సీటు మారినదానివి!" అంది సునీత.

"సీటు మారాను. రైలు దిగలేదుగా" అన్నాను. అలా అనేశాను గాని, ఆ రాత్రి అన్నం సయించలేదు.

హమ్రియా బజారులో ఒక పాత చిన్న ఫ్రిజ్ కొని బాల్కనీలో పెట్టించాం. వేరే పీట, వేరే కత్తి, వేరే గిన్నెలు. మర్నాడు హాసినిని వెంటబెట్టుకుని రూవిలో మాంసం కొట్టుకి వెళ్ళాను. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, నాకొచ్చిన కాస్త హిందీలో కోడి కీమా అడిగాను.

"కిస్ కే లియే, అమ్మా?" అని ఎవరికోసమో అడిగాడు కొట్టతను.

"బచ్చా" అన్నాను, పిల్లకి అన్నట్టు.

"కిత్నా బడా బచ్చా?"

ఎంత పెద్ద పిల్లో నేను మోచేతి నుంచి మణికట్టు దాకా చూపించాను. అతను కత్తి ఆపేసి నన్నూ, హాసినినీ మార్చి మార్చి చూశాడు. హాసిని నవ్వాపుకుని ఫోన్లో ఫోటో చూపించింది. "అరే, నేవ్లా!" అని కొట్టంతా వినబడేట్టు నవ్వి, మెత్తగా రెండుసార్లు ఆడించి, పైన నాలుగు గుండెలు ఊరికే వేశాడు. నేవ్లా అంటే ముంగిసేనట. ఇక్కడా అదే పేరు.

అల్లంతో ఏ ఇబ్బందీ లేదు. వాసన తగలగానే గిన్నెలో తల దూర్చింది. బెల్లం మాత్రం ఒకసారి మూతి పెట్టి, తల విదిల్చి, వెనక్కి వెనక్కి నడిచింది. చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకుని, కీమాలో నీళ్ళు కలిపి జారుగా చేసి మూతికి రాశాను. తుమ్మింది. మూతిని తివాచీకి తుడుచుకుంది. రెండో రోజూ అంతే, ఆ తర్వాతా అంతే.

"గింజలు తీసెయ్యండి. ఆకలేస్తే రాయైనా తింటుంది" అని సత్యవతిగారు సలహా చెప్పారు. ఆ మాట మాకూ సబబుగానే తోచింది. ఒక పొద్దున గింజల గిన్నె తీసేశాం. మధ్యాహ్నం కాకుండానే బెల్లం గుడ్డముక్కలా వాలిపోయింది. ఈసారి తేనెకు కూడా లేవలేదు. క్లినిక్‌లో సన్నటి కాలికి సూది గుచ్చి డ్రిప్ పెట్టారు.

డాక్టరమ్మ బాగానే కోప్పడింది. "ఇన్సులినోమా ఉన్నదానికి కడుపు మాడుస్తరా? అది మొండిది కాదమ్మా. కీమా తిండి అని దానికి తెల్వదు. ఈ జాతి చిన్నప్పుడు ఏ వాసన తిండి అని నేర్చుకుంటదో అదే తిండి. నాలుగేండ్లు గింజలు తిన్న నోరు. మీ కీమా దానికి మట్టితోని సమానం. నేర్పాలె. గింజలు ఆపకుండ నేర్పాలె."

దారిలో కార్లో సునీత మెల్లగా అంది. "అమ్మా, ఇక చాలు. గింజలే పెడదాం. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు."

"నేర్పాలంది కదా. నేర్చుకోదని అనలేదు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను.

ఇంటికొచ్చాక బాల్కనీలో కూర్చుని ఆలోచించాను. గ్లౌజు వాసన చూశాను. మందుల సీసాలా ఉంది. మాంసం వాసన నాకు ఎక్కకుండా ఉండాలని వేసుకున్న గ్లౌజు, దానికీ మాంసం వాసన అందకుండా చేస్తోంది. నా ఒట్టి చేయి మాత్రం దానికి తెలుసు. పెరుగన్నం తినిపించిన చేయి అది. గ్లౌజు తీసి పక్కన పెట్టాను. చూపుడు వేలితో కీమా ముట్టుకున్నాను. చల్లగా, జిగటగా ఉంది. కళ్ళు మూసుకోలేదు. గింజలు పొడి కొట్టి, అందులో చిటికెడంత కీమా కలిపి, వేలికి రాసుకుని దాని మూతి ముందు పెట్టాను.

వేలు వాసన చూసింది. నాలుక చాపి ఒక్కసారి నాకింది. ఆగింది. మళ్ళీ నాకింది.

"అమ్మమ్మా, కదలకు!" అని హాసిని గుసగుసగా అంది. నేను ఊపిరి కూడా తీయలేదు.

అక్కడి నుంచి పొడి ఒక్కొక్క చిటికె తగ్గించి, కీమా ఒక్కొక్క చిటికె పెంచాను. ఎప్పుడైనా మొహం తిప్పుకుంటే ఒకడుగు వెనక్కి వెళ్ళేదాన్ని. ఒకసారి సంతోషంలో లివర్ ఎక్కువైంది. విరేచనాలు పట్టుకున్నాయి, మళ్ళీ తగ్గించాను. ఇంతలో అల్లం కోడి రెక్కలు నమలడం దాకా వెళ్ళిపోయింది. తినగా మిగిలింది దాచుకునే బుద్ధి వీటిది. ఆ సంగతి మాకు ఒక ఆదివారం పొద్దున తెలిసింది.

"అత్తయ్యగారూ, నా బూటులో ఏదో ఉంది" అన్నారు అల్లుడుగారు గుమ్మం దగ్గర ఒంటికాలి మీద నిలబడి.

"ఏముంది బాబూ?"

"చెప్పలేను. సాక్సుకి అంటుకుంది."

సునీత ఆ రోజు ఇల్లంతా రెండుసార్లు తుడిచింది. అప్పటినుంచి వాటి తిండి బోనులోనే, తలుపు వేసి. మిగిలింది నేను లెక్క చూసి తీసేస్తాను. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

వేలి మీది కీమా చెంచాలోకి వెళ్ళింది. చెంచాలోది గిన్నెలోకి. కీమా పోయి సన్నటి ముక్కలు వచ్చాయి. ఒక సాయంత్రం బెల్లం కోడి గుండె ముక్కను వెనక పళ్ళతో ఒక పక్కకు తల వాల్చి కరకర కోసుకుని తింది. గిన్నెలో ఒక్క గింజ లేదు. హాసిని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పబోయింది. నా చేతులు మాంసం చేతులని వదిలించుకున్నాను. పడిపోవడాలు తగ్గాయి. వెనక కాళ్ళకు బలం వచ్చి సోఫా ఎక్కడం మొదలుపెట్టింది.

జబ్బు నయమైందని ఎవరూ అనుకోవద్దు. ప్రెడ్నిసొలోన్ రెండు పూటలా నడుస్తూనే ఉంది. బెల్లానికి వయసు కూడా మీద పడింది. మొన్న పరీక్షలో గ్లూకోజ్ మళ్ళీ కొంచెం కిందికి వచ్చింది. డాక్టరమ్మ డోసు పెంచింది.

"గడ్డ దాని పని అది చేస్తది. ఈ వయసుల ఆపరేషన్ వద్దంటున్న. ఇన్ని రోజులు ఇంత బాగుంటదని నేను కూడా అనుకోలే. తిన్నన్ని రోజులు తినిపించండి" అంది.

ఆ సాయంత్రం సునీత ఖర్జూరం పండు చిన్న ముక్క గిల్లి చేతిలో పట్టుకుని వచ్చింది. మాంసం వంటింటి గుమ్మం దాటనివ్వనన్న మనిషే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "దీనికి ఎంతిష్టమో కదమ్మా ఇది. పోయే ప్రాణి. ఒక్క ముక్క పెట్టనీ."

"పోయేది ఎప్పుడో పోతుంది. ఈ పూట తింటోంది కదే. తినేదాని నోట్లో పడగొట్టేది పెట్టకు" అన్నాను.

ముక్కను తనే నోట్లో వేసుకుంది. కాసేపు నా పక్కన కూర్చుని, "రేపటికి ఉందా, ఫ్రిజ్‌లో?" అని అడిగింది. మాంసం గురించి తను అడగడం అదే మొదటిసారి.

ఫెరెట్ ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. తిండి మార్చాలంటే ముందు డాక్టరుకు చూపించండి, పాతది ఉంచుతూనే కొత్తది మీ చేతి మీదుగా పరిచయం చేయండి, ఆకలితో మాత్రం నేర్పకండి.

మరునాడు ఉదయం నేను అందరికంటే ముందు లేచాను. గుండెలు తీసి సన్నగా తరిగాను. దాని పళ్ళు అరిగాయి కాబట్టి ఇదివరకటికంటే చిన్నగా. డోసు పెంచిన మాత్ర పొడి చేసి మొదటి ముక్కకు అద్ది వేలితో అందించాను. మూతి ముడిచింది, మింగింది. తర్వాతి ముక్కలు గిన్నెలోవి తనే తింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా పక్కనే ఉన్నాను. పీట వేడినీళ్ళతో, సబ్బుతో కడిగి బాల్కనీలో ఎండ తగిలేచోట నిలబెట్టాను. మధ్యాహ్నానికి మళ్ళీ కావాలి.