ముందు మన రక్తం

రేపల్లె స్టేషన్లో దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. వాన ఆగింది. గాలి ఆగలేదు. స్టేషన్ దాటితే మోకాలి లోతు నీళ్ళు. ఆ లైన్లో మా రైలే చివరిది. తర్వాత ఆపేశారు.

మాది ఆర్మీ వైద్య దళం. వరదలో చిక్కుకున్న ఊళ్ళకు ఆసుపత్రి పెట్టాలి, రోడ్లు తెరుచుకునేదాకా నడపాలి. అంతే ఆజ్ఞ. కట్ట పక్కన మెరక మీద ఒక బడి ఇచ్చారు. బెంచీలు జరిపి మంచాలు వేశాం. ఒక చివరి గది ల్యాబ్ అయింది.

నేను హవల్దారుని. ల్యాబ్ బాధ్యత నాది. మాది తెనాలి. ఎక్కడెక్కడో కొండల్లో, ఎడారిలో పనిచేశాను. సొంత నేల మీద డ్యూటీ పడడం అదొక్కసారే. ఇల్లు రైల్లో గంట దూరం. వెళ్ళలేదు. వెళ్ళడానికి రైలూ లేదు.

నా కింద నాయక్ ర్యాంకు మనిషి ఒకడు ఉండేవాడు. చుండూరు పక్క రైతు కుటుంబం. ముప్పై దాటిన మనిషి. చేతి పని శుభ్రం, నోరు ఊరుకోదు. డాక్టర్ కెప్టెన్ విశాఖ వైపు ఆవిడ. మొదటి రోజే నన్ను పిలిచి అడిగారు.

"మీ చదువేంటి హవల్దార్ గారూ?"

"డిగ్రీ అండి. ల్యాబ్ డిప్లొమా. సర్వీసులోకి వచ్చాక పై కోర్సు."

"ఇక్కడ మీ పని?"

"పరీక్ష చెయ్యడం. చేసింది నిజమో కాదో చూడడం మేడమ్."

వెనక నుంచి నాయక్ అందుకున్నాడు. "రెండోది ఆయన పనండి. మొదటిది నా నెత్తిన."

మా సామాను: ఒక మైక్రోస్కోపు, రక్తాన్ని గిర్రున తిప్పి వేరుచేసే చేతి సెంట్రిఫ్యూజు, మలేరియా కిట్లు, ఒక పెట్టె గాజు ట్యూబులు. వరదొస్తే పాములు ఇళ్ళలోకి వస్తాయి. రక్తపింజరి కరిస్తే మనిషి రక్తం గడ్డకట్టదు. పెద్ద ఆసుపత్రిలో ఆ సంగతి యంత్రం చెబుతుంది. మాకు యంత్రం లేదు. పాత పద్ధతి ఒకటుంది. రక్తం కొంచెం కొత్త గాజు ట్యూబులో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత వంచాలి. గడ్డకట్టి నిలిస్తే భయం లేదు. నీళ్ళలా జారితే విషం ఎక్కినట్టు. విరుగుడు వెయ్యాలి. ఆ విరుగుడు మా దగ్గర ఇద్దరికి సరిపడా ఉంది. మిగతాది బాపట్ల నుంచి రావాలి.

మర్నాడు పొద్దున్నే నన్ను బోటులో నగరం అనే ఊరికి అవతలున్న పల్లెలకు పంపారు. జ్వరాల వాళ్ళ రక్తం, బావుల నీళ్ళు తేవాలి. నాలుగు కొత్త ట్యూబులు కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. రెండు ఊళ్ళు తిరిగాను. పొలాల మీద చెట్ల తలలు మాత్రమే కనపడేవి. రాత్రి అక్కడే ఉండిపోయి, తర్వాతి రోజు మధ్యాహ్నానికి తిరిగొచ్చాను.

నాయక్ మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు.

"అన్నా, నువ్వు లేకుండానే పాము కరిచినోళ్ళని ఇద్దర్ని బతికించాం. ఇద్దరి రక్తం నీళ్ళే. మేడమ్ మందంతా ఎక్కించారు. చూడు, లేచి తిరుగుతున్నారు."

వాళ్ళలో ఒకాయన రైతు. అప్పటికే పడిపోయిన తన తోటలోంచి కొడుకు చేత అరటిగెల తెప్పించాడు. ల్యాబ్ గుమ్మంలో ఆనించి ఉంది. "ఈ బాబు చేతి చలవేనండి," అన్నాడు నాతో.

లోపల ట్యూబులు వరసగా బోర్లించి ఉన్నాయి. మెరుస్తున్నాయి.

"వీటిని కడిగావా?"

"నువ్వెళ్ళాక పెట్టె జరుపుతుంటే బురదలో పడిందన్నా. సబ్బు పొడేసి రెండుసార్లు తోమాను. మా అమ్మ గిన్నెలు కూడా అంత తెల్లగా తోమదు."

నేను జవాబు చెప్పేలోపు ఒకామెను మంచం మీద మోసుకొచ్చారు. సముద్రం వైపు పల్లె. చేపలమ్మే మనిషి. నలభై ఉంటాయి. ఒక పాదం వాచింది. భర్త పడవ మనిషి, మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు.

"బుట్ట ఎత్తాను బాబూ, కొరికింది. పామే. మా ఆయన ఎలకంటన్నాడు."

"ఎలకేనండి. దీనికి తాడు చూసినా పామే."

"నువ్వు చూశావా మరి?"

నాయక్ ఆమె రక్తం తీసి కడిగిన ట్యూబులో పోశాడు. నేను చెయ్యి చాపాను. "నాది కూడా తీసి ఇంకోదాంట్లో పొయ్యి."

"నీదెందుకన్నా? నిన్నేం కరిచింది?"

"కడిగిన గాజును నమ్మే ముందు మన రక్తం చూసుకోవాలి."

అతను ఆ మాట ఎప్పుడూ వినలేదు. మా ఆసుపత్రుల్లో ట్యూబులు కొత్తవి వస్తాయి, వాడి పారేస్తాం. కడిగే అవసరమే రాదు. గాజుకు సబ్బు అంటుకుని ఉంటే మంచి రక్తం కూడా గడ్డకట్టదు. ఎంత బాగా తోమితే అంత చేటు.

ఇరవై నిమిషాలయ్యాక ఆమె ట్యూబు వంచాను. జారింది. కెప్టెన్ నా భుజం మీంచి చూస్తున్నారు. విరుగుడు ఇక ఒక్క సీసా కూడా లేదని ఇద్దరికీ తెలుసు. నా ట్యూబు వంచాను. అదీ జారింది.

నాకు సంతోషం కలిగింది. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నన్ను ఏ పామూ కరవలేదు. అంటే ట్యూబు అబద్ధం చెబుతోంది. అంటే ఆమెకు ఏమీ కాకపోయి ఉండొచ్చు.

కెప్టెన్ బెంచీ మీద కూర్చున్నారు. నాయక్ కూడా ముందు నవ్వాడు. తర్వాత గుమ్మంలో ఉన్న గెల వైపు చూశాడు.

"అయితే ఆ ఇద్దరికీ?"

"మందు పడ్డాక ఇక ఎవరూ చెప్పలేరు."

"వాపు లేదన్నా వాళ్ళకి. చిగుళ్ళలోంచి రక్తం కూడా రాలేదు. నీకు తెలుసు."

ఊళ్ళలో వాడినవి పోగా నా జేబులో రెండు కొత్త ట్యూబులు మిగిలాయి. ఒకటి ఆమెకు, ఒకటి నాకు. మళ్ళీ ఇరవై నిమిషాలు. ఈలోపు రేడియో మనిషి పిలుస్తూనే ఉన్నాడు.

"బాపట్ల, రేపల్లె మాట్లాడుతోంది. మందు ఎక్కడుంది? ఓవర్."

"బయల్దేరింది. దారిలో కట్ట తెగింది. బోటు చుట్టూ తిరిగి వస్తోంది. ఓవర్."

"హెలికాప్టర్? ఓవర్."

"గాలి. ఎగరదు. ఓవర్."

మంచం మీద ఆమె భర్తను అడుగుతోంది, వలలు లోపల పెట్టావా లేదా అని.

ముందు నా ట్యూబు వంచాను. నిలిచింది. ఆమెది వంచాను. నీళ్ళలా జారింది.

కెప్టెన్ ఆగలేదు. మందుకు ఎదురెళ్దామన్నారు. ఆమెను, భర్తను బోటు ఎక్కించి తనూ ఎక్కారు. ఎక్కిస్తుంటే ఆమె ఉమ్మింది. ఉమ్ములో రక్తం ఉంది. ఆమె దాన్ని చూడలేదు. భర్త చూశాడు. కట్ట మీద నేనూ నాయక్ నిలబడ్డాం. బోటు మలుపు తిరిగాక కూడా అతను కదల్లేదు.

తెల్లవారాక రేడియోలో కెప్టెన్ గొంతు వచ్చింది.

"రేపల్లె, సీసాలు అందాయి. మనిషి లేదు. ఓవర్."

రిపోర్టు నన్ను రాయమన్నారు. జరిగింది జరిగినట్టు రాశాను. నాయక్ చదివాడు.

"నా పేరు లేదేంటన్నా?"

"ట్యూబుల సంగతి రాశాను. చాలు."

"పేరు రాయి."

రాశాను. విచారణలో అతనికి శిక్ష పడలేదు. కడిగిన గాజు సంగతి అతనికెవరూ నేర్పలేదని తేల్చారు. ఆ తీర్పు అతనికి ఎందుకూ పనికిరాలేదు. ఏడాది తిరక్కుండా సర్వీసు వదిలేసి చుండూరు వచ్చాడు. వరి చేస్తున్నాడు. ఆ అరటితోట రైతు ఇప్పటికీ ఏటా అతనికి ఒక గెల పంపుతాడు. వద్దనాలంటే కారణం చెప్పాలి. నాయక్ చెప్పలేడు. గెల వసారాలో వేలాడుతుంది. పండ్లు మాగి రాలిపోతాయి. నేను వెళ్ళినప్పుడు ఇద్దరం దాని పక్కనే కూర్చుంటాం. ఎవరం తినం.

నీళ్ళు తీశాక రైళ్ళు నడిచాయి. రేపల్లె నుంచి తెనాలి దాకా కిటికీ పక్కన కూర్చున్నాను. కుళ్ళిన వరి వాసన దారంతా ఉంది. ఇంట్లో అందరూ వరద గురించి అడిగారు. ఎంత లోతు, ఎన్ని ఇళ్ళు అని. చెప్పాను.

ఇప్పుడు తెనాలిలోనే ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నా తర్వాత సీనియర్‌గా వచ్చే మనిషి కోసం ప్రకటన వేస్తారట. అర్హతలు, బాధ్యతలు రాసిమ్మన్నారు. అర్హతలు తేలిగ్గానే రాశాను. ల్యాబ్ సైన్సులో డిగ్రీ, పీజీ ఉంటే మంచిది, ఇన్నేళ్ళ అనుభవం. బాధ్యతలు: యంత్రాలను రోజూ సరిచూడడం, కింది వాళ్ళకు నేర్పడం, తప్పు ఫలితాన్ని ఆపడం, నిజమైన ఫలితం కింద సంతకం పెట్టడం. చివరి రెండింటి మధ్య ఇంకోటి ఉండాలి. తప్పు ఫలితం బయటపడ్డాక, నిజమైనది వచ్చేలోపు మొహం ఎలా పెట్టుకోవాలన్నది. దాన్ని ఏ మాటల్లో రాయాలో తెలియలేదు. కాగితం అలాగే ఇచ్చేశాను.

ఆ మొదటి సారి నా రక్తం జారినప్పుడు, నాకు తెలియకుండానే నవ్వాను. మంచం మీంచి ఆమె నన్నే చూస్తోంది. తనూ నవ్వింది. భర్త వైపు తిరిగి అంది.

"నువ్వే గెలిచావులే. ఎలకే."