ఎర్రబడ్డ పోపు గరిటె

అతన్ని నేను మొదట చూసింది యాసిడ్ డబ్బా పక్కన. ఆదోనిలో సైన్సు టీచరుగా కొత్తగా చేరాను. స్కూల్లో గంధకామ్లం నిండుకుంది. పత్తి విత్తనాల షెడ్డులో అడగమన్నారు. విత్తనాలకు అంటుకున్న నూగును ఆ యాసిడ్‌తోనే తీస్తారు. గాజు సీసా పట్టుకుని వెళితే, షెడ్డు యజమాని కొడుకు, చేతులకు రబ్బరు తొడుగులు, జుట్టు నిండా దూది, నన్ను ఎగాదిగా చూసి, "ఇనుప డబ్బాలో పోసుకోరు గదా మేడం?" అని అడిగాడు. సైన్సు టీచర్ని పట్టుకుని! ఒళ్లు మండింది. మళ్లీ వారమే సీసా ఖాళీ అయిందని వెళ్లి నిలబడ్డాను. ఏ స్కూలు పిల్లలకూ అంత యాసిడ్ అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజుల్లో నాకు పాఠం చెప్పడమంటే పండగ. యాసిడ్‌లో జింకు ముక్క వేస్తే బుసబుసమని పొంగేది. అగ్గిపుల్ల చూపిస్తే టప్‌మని పేలేది. పిల్లల కంటే ముందు నేనే చప్పట్లు కొట్టేదాన్ని. అదే జింకును నిమ్మరసంలో వేస్తే బద్ధకంగా నాలుగు బుడగలు వదిలి ఊరుకునేది. ఇనుప మేకు నిదానస్తురాలు. రాగి తీగ మాత్రం ఉలకదు, పలకదు. రాగి కదలాలంటే నత్రికామ్లం కావాలని పిల్లలకు చెబుతూ, మా అవ్వ కదలాలంటే ఏం కావాలో అనుకునేదాన్ని.

అవ్వ అంటే మా నాన్నమ్మ. ఎమ్మిగనూరులో మాది గుడి సేవ చేసుకునే ఇల్లు. అతనిది పత్తి వ్యాపారం. మా పెళ్లి మాటకు అమ్మ ఎప్పుడో మెత్తబడింది, నాన్న మెత్తబడుతున్నాడు. అవ్వ ఊ అననిదే మా ఇంట్లో ముహూర్తం పెట్టరు. ఆమెది ఒకటే మాట: "ఇనుమును ఎంత తోమినా రాగి అయితాదా?" అది విన్నప్పుడల్లా నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. చేసుకుంటే అతన్నే చేసుకోవాలి. అవ్వను కాదని చేసుకోవడానికి మనసు రాదు.

మా ఇంటికి అల్లుడు కాబోయే వాడెవడైనా ముందు పెరట్లో అవ్వ ఎదుట కూర్చుని పూజ సామాన్లు తోమాలి. మా మేనత్తలను చేసుకున్న మామలందరూ ఆ గండం గట్టెక్కినవాళ్లే. నోరు ఏమైనా చెబుతుంది, పని చేసే చెయ్యి దాచలేదని ఆమె నమ్మకం. నాన్న బతిమాలగా బతిమాలగా, "సరే, రానీ. సెయ్యి సూస్తా" అంది.

చింతపండు, ఉప్పు, అంతే అని అతనికి ఫోన్లో నూరిపోశాను. గాబరా మనిషికి ఎక్కుతుందా? అతను వచ్చిన రోజు అవ్వ అటక మీది రాగి చెంబులన్నీ దింపించింది. ఒక్కొక్కటీ పచ్చగా చిలుము పట్టి ఉంది. వాటిని చూడగానే అతను బిత్తరపోయి, బండికి తగిలించిన ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు.

"ఏందప్పా అది?" అంది అవ్వ.

"పత్తి గింజలకు పోసేదే అవ్వా. బకెట్ నీళ్లలో రవ్వంత కలుపుతా. నూగే పోతాది, చిలుము యాడ నిలుస్తాది?"

షెడ్డులో విత్తనాలు కలియబెట్టినట్టే బకెట్లో చెంబుల్ని కలియబెట్టాడు. అక్కడైతే కర్ర ఉంటుంది. ఇక్కడ చేతికి దొరికింది అమ్మ తోమడానికి పడేసిన ఇనుప పోపు గరిటె. చిలుము కరిగి నీళ్లు నీలంగా మారాయి. చెంబులు కొత్త పెళ్లికూతుళ్లలా బయటికొచ్చాయి. అవ్వ మెచ్చుకోలేదు, తిట్టలేదు. "కాఫీ తాగుదురు రాండి" అంది. గరిటె బకెట్లోనే ఉండిపోయింది.

కాఫీ తాగి వచ్చి గరిటె పైకి తీస్తే, మునిగినంత మేర ఎర్రగా, అచ్చం రాగి! అతను నోరు తెరిచాడు. అమ్మ దండం పెట్టింది. నాకు నవ్వు పొంగుకొచ్చింది. చిలుములో ఉన్న రాగి యాసిడ్ నీళ్లలో కరిగింది. ఇనుము తాను కొంచెం కరిగి, ఆ రాగిని ఒంటికి పూసుకుంది. పదో తరగతి పిల్లలకు ఏటా చెప్పే పాఠమే. ఇప్పుడు చెప్పాలా, వద్దా? చెబితే పెళ్లి పోతుంది, చెప్పకపోతే నేను టీచర్నే కాదు.

నేను నోరు విప్పేలోపే అవ్వ గుప్పెడు బూడిద తీసుకుని గరిటెను బరబరా రుద్దింది. ఎరుపంతా ఊడి, నల్లటి ఇనుము బయటపడింది.

"ఇనుమే" అంది అవ్వ.

ఆమె గరిటెను ఎండలో అటూ ఇటూ తిప్పింది. తర్వాత మెరుస్తున్న చెంబుల వైపు చూసింది.

"నా రాగి చెంబుల్లో సొట్ట లేనిది ఒకటన్నా ఉందా? ఈ గరిటె నా పెండ్లి నాటిది. దినామూ పొయ్యి మీద కాగుతాంది. యాడా వంగలేదు." అతని వైపు తిరిగింది. "ఇనుమైతే ఏమప్పా? మీ నాయనను రమ్మను, మాట్లాడుకుందాం."

టీచరునన్న సంగతి మరిచి పెరడంతా గంతులేశాను. బకెట్ తన్నుకుంటానేమోనని అతను దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

పెళ్లికి అవ్వ నాకు పెట్టిన సామాన్లలో రాగి ఒక్కటీ లేదు. ఆ గరిటె ఉంది.