అన్నయ్య కాలికి పెట్టిన మిషను

ఒక అబద్ధాన్ని ఏళ్లుగా కడుపులో మోస్తున్నాను. దాన్ని చెప్పింది ఒక్కసారే. దానివల్ల మా అన్నయ్య కాలు పోయింది, నింద మా వదిన మీద పడింది. మీరు నన్ను ఎరగరు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మాది కంచిలి దగ్గర జీడితోటల ఊరు. అన్నయ్య పాదంలో ట్రాక్టరు గొర్రు దిగి అయిన గాయం షుగరు వల్ల మానలేదు. టెక్కలిలో డాక్టరు గాయంలో స్పాంజి పెట్టి, గాలి చొరకుండా ప్లాస్టిక్ పొర అంటించి, గొట్టంతో చిన్న మిషను తగిలించాడు. లోపలి చెడునీటిని అది మెల్లగా లాగుతుంటే, నెత్తురు కలిసిన ఆ నీరు డబ్బాలో చేరేది. ఆపితే స్పాంజి కింద పుండు కుళ్లుతుందని మరీమరీ చెప్పి ఇంటికి పంపాడు. ఛార్జింగు పెట్టే పని వదినది. కట్టు మార్చినప్పుడు అడుగున కొత్త కండ ఎర్రగా కనిపించింది. మానుతోందని నాకు తెలుసు.

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానంలో మనిషికి గొట్టం, గొట్టంలో ఎరుపు కనిపిస్తే ఎవరికైనా ముందు కిడ్నీలే గుర్తొస్తాయి. మా నాన్న డయాలసిస్ మీదే పోయాడు. చూడవచ్చినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవారు. అన్నయ్య వాళ్లను కసిరేవాడు. వాళ్లు వెళ్లాక డబ్బా వైపే చూసేవాడు.

ఒక రోజు కూలీల ముందు, మంచం మీంచే నన్ను అన్నాడు:

“ఒరే, నీకు జీడిపిక్కలేరించడం కూడా సేతకాదేటిరా? ఆడోళ్లు నవ్వుతన్నారు సూడు.”

నిజంగానే నవ్వారు. వాళ్లు వెళ్లేదాకా ఆగాను.

“అన్నియ్యా, కాలికైతే కట్టు సాలదేటి? మిషనెందుకు?”

“పుండు మానడానికని డాక్టరు సెప్పినాడు కదరా.”

“నాన్నకీ ఇలాగే ఏదో సెప్పినారు. నీకు సెప్పొద్దన్నారు గానీ... కిడ్నీలు పోనాయట.”

నా చెయ్యి పట్టుకున్నాడు. “నిజం సెప్పు తమ్ముడా. మీ వదినకి తెలుసా?”

“తెలీకేటి? అందరికీ తెలుసు.”

ఆ మొహం చూసి నాకు హాయిగా అనిపించింది. చిన్నప్పటినుంచి నన్ను అదిలించిన మనిషి నా చెయ్యి వదలడం లేదు. కాసేపు భయపడనీ, తర్వాత చెబుదాంలే అనుకున్నానా? అసలు చెప్పాలనే అనుకోలేదా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు.

ఆ తర్వాత నాలుగైదు రోజులు నేను ఆ ఇంటికి వెళ్లలేదు. నాన్నలా గొట్టాలతో చావకూడదనుకున్నాడో ఏమో, అన్నయ్య మిషను ఆపేసి దుప్పటి కప్పుకున్నాడు. వదినను ఛార్జింగు పెట్టనిచ్చాడు గానీ దుప్పటి ఎత్తనివ్వలేదు. ఆమె దుప్పటి లాగేసరికి వాసన వస్తోంది. మోకాలి కింద కాలు తీసేశారు.

అప్పుడు ఆసుపత్రిలో చేసిన పరీక్షల్లో కిడ్నీలు బాగున్నాయని తేలింది. అన్నయ్య నా వైపు చూశాడు. మిషను ఎందుకాగిందని డాక్టరు అడిగితే, తల దించుకుని, “ఛార్జింగయిపోయింది” అన్నాడు. నా మాట బయటపెడితే తను చేసిన పనీ బయటపడుతుంది. చుట్టాలందరి ముందూ నేనే అందుకున్నాను:

“నిద్ర ఆపుకోలేకపోనావా వదినా?”

“పెట్టినానయ్యా,” అంది. కాసేపటికి, “పెట్టినాననే అనుకుంతన్నాను” అంది.

అన్నయ్య ఇప్పుడు లేడు. ఎవరైనా అడిగితే, తన మరుపు వల్లే ఆయన కాలు పోయిందని వదినే చెబుతుంది. నా ఎదుటే చెబుతుంది. నేను టీ తాగుతూ వింటాను.

ఆమె ఛార్జింగు పెట్టింది. నేను అబద్ధమాడాను. అన్నయ్య ఆపేశాడు. ఈ మాటలు వరసగా రాయడం ఇదే మొదలు. నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది. వదినకు ఆడాలంటే ఆమె గుమ్మం ఎక్కి చెప్పాలి. చెబుతానని మీకు మాట ఇవ్వలేను.