కదలని ముఖం

ఆరేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఇంటిపేరు వింటే ఒకప్పుడు మూడు తాలూకాల్లో జనం లేచి నిలబడేవారు. అమెరికాలో, మేముండే ఈ ఇర్వింగ్‌లో దాన్ని సరిగ్గా పలికేవారే లేరు. ఆస్తులు పోయాయి. మర్యాద ఎక్కడ తగ్గిందో కనిపెట్టే అలవాటు మాత్రం నాకు మిగిలింది. ఎవరు నవ్వలేదు, ఎవరు కుర్చీ చూపించలేదు, అన్నీ గమనిస్తాను.

నా భార్యనూ అలాగే గమనించాను. నవ్వడం మానేసింది. నేను మాట్లాడుతుంటే రెప్ప వేయకుండా చూసేది. పిలిస్తే ఎంతసేపటికో లేచి, కాళ్లీడుస్తూ వచ్చేది. ధిక్కారమనుకున్నాను. ముఖం, కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే పార్కిన్సన్స్ జబ్బులా ఉందనీ, వేరే కారణమేమైనా ఉందేమో తలకు స్కాన్ తీసి చూద్దామనీ డాక్టరు అన్నప్పుడు, ఆయన్ని కూడా నమ్మించిందనుకున్నాను.

స్కాన్ ముందురోజు అడిగింది.

"రేపు లీవ్ పెట్టారా? నేను డ్రైవ్ చేయలేనండీ. ఎడమ చెయ్యి మాట వినట్లేదు."

"నీ మొహం చూస్తే జబ్బుమనిషిలా లేదే!"

"మొహం కూడా మాట వినట్లేదు. ఎవరి మాటా వినని మీ వంశంలో కలిసిపోయినట్టుంది."

అది పరాచికం. కానీ ఆ ముఖంలో నవ్వు లేదు. చెంపమీద కొట్టినట్టయింది నాకు. ఆ సాయంత్రం స్కాన్ సెంటర్ నుంచి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: వస్తుంటే 1, రద్దుకు 2. రెండు నొక్కాను. వాళ్లే క్యాన్సిల్ చేశారని ఆమెతో చెప్పాను. తరువాత అడిగినప్పుడల్లా డేట్లు దొరకడం లేదన్నాను. ఆ ఒక్క సాయంత్రం కోపమనుకుందాం. ఆ తరువాతి పది నెలలను ఏమనుకోవాలి?

ఇండియన్ స్టోర్‌లో పడిపోయింది. అప్పుడు తీశారు స్కాన్. నిమ్మకాయంత గడ్డ, క్యాన్సర్ కాదు, మెదడును నొక్కుతోంది. ఆపరేషన్‌తో నడక వచ్చింది, నవ్వు వచ్చింది. ముందే వచ్చి ఉంటే చెయ్యి కూడా పూర్తిగా దక్కేదేమో అన్నారు సర్జన్. ఆ వేళ్లు ఇప్పటికీ జడ అల్లలేవు.

రోజూ నేనే అల్లుతాను. చూసినవాళ్లు నన్ను మెచ్చుకుంటారు. "ఆ స్కాన్ వాళ్లు క్యాన్సిల్ చేయకపోతేనా..." అని ఆమె వాళ్లతో మొదలుపెట్టి, మధ్యలో ఆపేస్తుంది. ఎందుకు ఆపుతుంది? ఆమెకు నిజం తెలుసా? నా ఫోన్ ఎప్పుడైనా చూసిందా? జడ అల్లేటప్పుడు నేను వెనుక ఉంటాను. ఆమె ముఖం నాకు కనబడదు. కనబడినా, ఒకప్పుడు దాన్ని ఎంత బాగా చదివానో మీకు చెప్పానుగా.

ఇలా రాసింది ఆమెకు చూపించే ధైర్యం నాకింకా లేదు. మీకు మాత్రం చెబుతున్నాను. వాళ్లు రద్దు చేయలేదు. రెండు నొక్కింది నేను.